ఊరి పెద్ద ఎవరు? – లెస్టరు మేయరు పదవి చరిత్ర

'మేయరు' అనే మాట మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చిందిగాని దాని పుట్టిల్లు లాటిను. లాటినులో 'మాయోర్' అంటే మరింత పెద్ద అని అర్థం. అది ఫ్రెంచిలో 'మేర్' అయి, నార్మన్ ప్రభువుల వెంట ఇంగ్లండులో అడుగుపెట్టింది. ఆ విధంగా చూస్తే మన పల్లెల్లో వాడే 'ఊరి పెద్ద' అనే మాటకూ దీనికీ అర్థంలో ఆట్టే భేదం లేదు. అయితే ఆ పెద్దను పెద్దగా చేసినవారెవరు? ఆ కుర్చీలో కూర్చునే అర్హత ఎవరికుంది, ఎవరికి లేదు? ఈ ప్రశ్నలకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క జవాబు చెప్పింది. ఆ జవాబులే మేయరు పదవి చరిత్ర.

స్థానిక ప్రభుత్వాలను గురించి మా బి.ఏ. విద్యార్థులకు ఏటా పాఠం చెబుతూనే ఉన్నాను. 1835 చట్టం, 1882 రిప్పన్ తీర్మానం అని సంవత్సరాలు బట్టీపట్టి పరీక్షలో దించేసి వస్తారు. మార్కులు కూడా బాగానే వస్తాయి. కాని ఆ సంవత్సరాల వెనక ఏ మనుషులు కొట్లాడుకున్నారో, ఎవరు లోపలికొచ్చారో, ఎవరు బయట ఉండిపోయారో వారికి కనిపించదు. అందుకని ఈ సంచికలో ఇంగ్లండు దేశాన్నంతటినీ వదిలేసి, ఒక్క ఊరిని పట్టుకుని ఈ కథ చెప్పదలిచాను. ఆ ఊరు లెస్టరు.

ఇంగ్లండు నడిబొడ్డున, సోర్ అనే చిన్న నది ఒడ్డున ఉన్న ఊరిది. రోమన్ల కాలం నుంచీ ఉంది. మేజోళ్ళు, చెప్పులు తయారుచేసి బతికిన ఊరు. మన సైన్సు విద్యార్థులకు ఇంకో గుర్తు చెబుతాను. మనిషిని డి.ఎన్.ఏ.తో పోల్చుకునే పద్ధతిని 1984లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టింది ఈ ఊరి విశ్వవిద్యాలయంలోనే.

ప్రభువు ఊరు, వర్తకుల సంఘం

మధ్యయుగాల్లో లెస్టరు ఆ పేరుగల ఎర్లు, అంటే ఒక పెద్ద జమీందారు, ఏలుబడిలో ఉండేది. ఊరివాళ్ళకు రెండే రెండు వేదికలు. ఒకటి ఊరి కోర్టు. రెండోది వర్తకుల సంఘం. పన్నెండో శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే ఎర్లు రాబర్టు ఈ వర్తక సంఘానికి సన్నదు ఇచ్చాడు. ఆ సంఘంలో చేరినవారి పేర్లు, కట్టిన రుసుము రాసుకున్న చుట్టలు 1196 నుంచి ఇవాళ్టికీ భద్రంగా ఉన్నాయి. ఊళ్ళో సరుకు అమ్ముకోవాలంటే ఆ చుట్టలో పేరుండాలి. పేరు లేనివాడు ఆ ఊళ్ళో పుట్టినా పరాయివాడే.

ఈ సంఘం పెద్దను మొదట ఆల్డర్మన్ అనేవారు. పదమూడో శతాబ్దం నడిమికి, సుమారు 1250 ప్రాంతంలో, ఆ స్థానంలో 'మేయరు' అనే పేరు వచ్చింది. ఆయన పక్కన ఇరవై నలుగురు పెద్దలు. గమనించండి, ఈ మేయరును రాజు పంపలేదు, ఎర్లు నియమించలేదు. ఊళ్ళో హక్కుగల వర్తకులు, వృత్తులవారు తమలో ఒకరిని ఏడాదికొకసారి ఎన్నుకునేవారు. అయితే పదవి చేపట్టేటప్పుడు మాత్రం ప్రభువు ఎదుట ప్రమాణం చెయ్యవలసిందే. ఊరిచేత ఎన్నికై ప్రభువుకు జవాబు చెప్పుకునే ఈ ఇరకాటం మేయరు పదవికి పుట్టుకతోనే వచ్చింది.

ఇదే కాలంలో మరో సంఘటన జరిగింది. సైమన్ డి మాంట్‌ఫర్ట్ పేరు మన చరిత్ర విద్యార్థులకు తెలుసు. 1265లో పట్టణాల ప్రతినిధులను కూడా పార్లమెంటుకు పిలిచినవాడు, కామన్స్ సభకు ఆద్యుడు అని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. ఆయనే లెస్టరు ప్రభువు. ఆ సైమనే 1231లో ఇంకో సన్నదు ఇచ్చాడు. దాని సారాంశం ఏమిటంటే, తన కాలంలోగాని, తన వారసుల కాలంలోగాని, లోకం అంతమయ్యేదాకా ఒక్క యూదుడు కూడా లెస్టరులో నివసించరాదు. పాపం వాళ్ళు మూటాముల్లె కట్టుకుని, ఊరి పొలిమేర దాటి, సైమన్‌కే బంధువైన ఒక దొరసాని భూమిలో తలదాచుకున్నారు. 1290లో ఒకటో ఎడ్వర్డు రాజు యూదులను దేశం నుంచే వెళ్ళగొట్టాడు.

ప్రజా ప్రాతినిధ్యానికి తలుపు తీసినవాడే ఒక జాతికి తలుపు మూశాడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చదవకపోతే మిగతా కథ అర్థం కాదు.

తలుపులు మూసుకున్న కాలం

మొదట్లో మేయరు ఎన్నికకు ఊళ్ళో హక్కుదారులందరూ గుమికూడేవారు. కేకలు, తోపులాటలు ఉండేవి. పెద్దలకు ఇది నచ్చలేదు. బీదాబిక్కీ చేరి ఎన్నికలు గందరగోళం చేస్తున్నారని మొర పెట్టుకున్నారు. ఏడో హెన్రీ రాజు కాలంలో, 1489లో, లెస్టరుకూ నార్తాంప్టనుకూ కలిపి పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇకమీదట మేయరూ, ఆ ఇరవై నలుగురూ కలిసి నలభై ఎనిమిది మంది 'బుద్ధిమంతుల'ను ఎంచుతారు. వీళ్ళంతా కలిసి మేయరును ఎన్నుకుంటారు. మిగతా జనం ఇళ్ళలో కూర్చోవచ్చు.

జనం ఊరుకోలేదు. లెస్టరు సామాన్యులు తమకు నచ్చిన మనిషిని వేరే మేయరుగా ఎన్నుకున్నారు. ఒక ఊరికి ఇద్దరు మేయర్లయ్యారు. రాజు ఎవరి పక్షం వహించాడో చెప్పనక్కరలేదు. పెద్దలు ఎన్నుకున్నవాడే మేయరన్నాడు. ఆ రోజు మూసిన తలుపు దాదాపు మూడున్నర శతాబ్దాలు తెరుచుకోలేదు.

1589లో ఎలిజబెత్ రాణి సన్నదుతో లెస్టరు కార్పొరేషను అయింది. ఆల్డర్మెన్ ఇరవై నలుగురు, కౌన్సిలు సభ్యులు నలభై ఎనిమిది మంది. ఖాళీ వస్తే ఉన్నవాళ్ళే కొత్తవాణ్ణి ఎంచుకునేవారు. అంటే కుర్చీ ఖాళీ అయితే పక్క కుర్చీవాడు తన వియ్యంకుడిని పిలిచి కూర్చోబెట్టుకోవచ్చన్నమాట! ఈ కార్పొరేషను కూర్చున్న గిల్డుహాలు ఇప్పటికీ ఉంది. సుమారు 1390లో కార్పస్ క్రిస్టీ అనే ధార్మిక సంఘం కట్టిన కట్టెల చట్రాల భవనం అది. 1563లో ఊరు దాన్ని కొన్నది. అందులో 'మేయరు గది' అని ఒక గది, చక్కని చెక్కడాలతో పొయ్యిగూడు. ఊరి వ్యవహారాలు 1876 వరకూ అక్కడి నుంచే నడిచాయి.

1661లో ఇంకో గొళ్ళెం పడింది. కార్పొరేషను చట్టం ప్రకారం, చర్చి ఆఫ్ ఇంగ్లండు పద్ధతిలో ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకున్నవారికే పురపాలక పదవులు. కాథలిక్కులు, యూదులు సరేసరి. ప్రొటెస్టెంటులలోనే రాజమతానికి ఒప్పుకోని శాఖలవారు కూడా బయటే. లెస్టరులో మేజోళ్ళ వ్యాపారం చేసి డబ్బు గడించిన కుటుంబాలు అనేకం ఈ శాఖలకు చెందినవే. పన్నులు వాళ్ళవి, కుర్చీలు వేరేవాళ్ళవి.

మద్రాసులో మరో న్యాయం

ఇక్కడ ఒక్క క్షణం లెస్టరు నుంచి మన తీరానికి రావాలి. ఇంగ్లీషువారి ఈ మేయరు పద్ధతి మనదేశంలో మొట్టమొదట కాలుపెట్టింది మద్రాసులో. 1688 సెప్టెంబరు 29న ఈస్టిండియా కంపెనీ అక్కడ కార్పొరేషను ప్రారంభించింది. మొదటి మేయరు నెథేనియల్ హిగ్గిన్‌సన్. ఆయన కింద పన్నెండుగురు ఆల్డర్మెన్. సాక్షాత్తు ఇంగ్లీషు పట్టణాల నమూనా. ఎర్ర అంగీలూ, వెండి దండాలూ అన్నీ దిగాయి.

ఆ పన్నెండుగురిలో ఎవరున్నారో చూడండి. ఇంగ్లీషువారు, ఫ్రెంచివాడు, పోర్చుగీసువాడు, యూదు వర్తకులు, హిందూ వర్తకులు. హిందువులలో చిన వెంకటాద్రి ఒకరు. కంపెనీకి ప్రధాన వర్తకుడిగా పేరుమోసిన బేరి తిమ్మన్న తమ్ముడు. మద్రాసులో ఒక వెంకటాద్రీ, ఒక యూదు వర్తకుడూ ఆల్డర్మన్ అంగీ తొడుక్కున్న ఆ ఏడాదే, లెస్టరులో యూదుడికి కాదుగదా, వేరే ప్రార్థన మందిరానికి వెళ్ళే ఇంగ్లీషువాడికి కూడా ఆ అంగీ అందే దారి లేదు.

ఇది కంపెనీవారి ఉదారబుద్ధి అని పొరబడవద్దు. ఊరిమీద పన్నులు వసూలు చెయ్యాలి. స్థానిక వర్తకులు కలిసిరాకపోతే ఒక్క కాసు రాలదు. లోపల వాళ్ళ సహాయం అవసరమైనచోట తలుపు తీశారు, అవసరం లేనిచోట మూశారు. తలుపు తీసింది ధర్మబుద్ధా, అవసరమా అని విచారించడం చరిత్ర విద్యార్థి మొదటి పని.

దండం వేలానికి వచ్చింది

పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి లెస్టరు కార్పొరేషను అవకతవకలకు దేశమంతటా పేరు పడింది. 1820లలో పార్లమెంటు ఎన్నికలకోసం వందలాదిమంది బయటివాళ్ళను ఊరి హక్కుదారులుగా రాయించి ఓట్లు వేయించారు. 1826 ఎన్నికలో తమకు నచ్చిన టోరీ అభ్యర్థికోసం ఊరి ఆస్తిని తాకట్టు పెట్టి వేల పౌన్లు ఖర్చు చేశారు. మేయరు విందులకు లెక్కాపత్రం లేదు. అడిగేందుకు ఎవరికీ హక్కు లేదు.

1828లో మతపరమైన నిబంధన పోయింది. 1832లో పార్లమెంటు సంస్కరణ వచ్చింది. 1835లో పురపాలక సంఘాల చట్టం వచ్చింది. మన సిలబసులో ఒక పంక్తి అయిన ఈ చట్టం 178 పట్టణాల పాత కార్పొరేషన్లను ఒక్క దెబ్బతో తుడిచేసింది. ఇంటిపన్ను కట్టే మగవారు, నిర్ణీత కాలం నివాసముంటే, కౌన్సిలర్లను ఎన్నుకోవచ్చు. కౌన్సిలు ఏటా మేయరును ఎన్నుకుంటుంది. జమాఖర్చులు తనిఖీ చేయించి ప్రకటించాలి. ఆడవాళ్ళకు ఓటు లేదు. పన్ను కట్టలేని పేదలకూ లేదు. అయినా పాత వ్యవస్థతో పోలిస్తే ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం.

1835 డిసెంబరులో లెస్టరులో ఎన్నిక జరిగింది. 42 స్థానాల్లో 38 సంస్కరణవాదులకు దక్కాయి. బ్యాంకరు థామస్ పేజెట్ మొదటి మేయరు. కొత్తవాళ్ళు చేసిన మొదటి పనుల్లో ఒకటి వింటే మీకు నవ్వొస్తుంది. 1836 జనవరిలో, పాత కార్పొరేషను వెండి సామాను, విందు పాత్రలు, ఆఖరుకు మేయరు ముందు మోసుకుపోయే అధికార దండంతో సహా బహిరంగ వేలం వేశారు!

నేను ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఒక విద్యార్థి, "దండం అమ్మేస్తే ఇక మేయరేమిటి సార్?" అన్నాడు. సరిగ్గా ఆనాటి పాతపక్షంవారూ ఇలాగే వాపోయారు. కాని కొత్త కౌన్సిలు ఆలోచన వేరు. ఇన్నేళ్ళూ గౌరవం దండంలో ఉందనుకున్నారు, లెక్కల పుస్తకంలో ఉండవలసిన గౌరవాన్ని వెండిలో వెతికారు అన్నది వాళ్ళ భావం. నా మటుకు నాకు వాళ్ళు కొంచెం అతి చేశారనిపిస్తుంది. ఊరి జ్ఞాపకాలు కూడా ఊరి ఆస్తే గదా. తర్వాత తరంవారికి కూడా అలాగే తోచింది కాబోలు, ఆ దండాన్ని మళ్ళీ సంపాదించి తెచ్చుకున్నారు. అయితే ఈసారి దండం తిరిగొచ్చింది లెక్క చెప్పే కౌన్సిలుకు. అదీ తేడా.

ఇంకో విశేషం. రాజమతం కానందువల్ల ఇన్నాళ్ళూ బయట నిలబడ్డ యూనిటేరియన్ శాఖవారిదే కొత్త కౌన్సిలులో పైచెయ్యి. 'గ్రేట్ మీటింగ్' అని 1708లో కట్టుకున్న వారి ప్రార్థన మందిరం నుంచే వరసగా మొదటి ఏడుగురు మేయర్లూ వచ్చారు. ఊరివాళ్ళు ఆ మందిరానికి 'మేయర్ల గూడు' అని పేరుపెట్టారు. ఆ పేరులో మెచ్చుకోలూ ఉంది, ఎత్తిపొడుపూ ఉంది. నిన్నటిదాకా బయట ఉన్నవాడు లోపలికి రాగానే కొత్త గూడు కట్టుకున్నాడన్నమాట. తలుపు తెరిచినంతమాత్రాన గది అందరిదీ అయిపోదు.

ఆరువందల యాభై మూడేళ్ళు

1801లో సుమారు 17 వేలున్న లెస్టరు జనాభా 1901కి రెండు లక్షలు దాటింది. ఇరుకు ఇళ్ళు, మురుగు, సోర్ నది వరదలు, కలరా. మేయరు పని విందుల నుంచి మురుగు కాలవలకు మారింది. ఈ మార్పు అంత సులువుగా రాలేదు. కొత్త కౌన్సిలులోనే ఖర్చుపెట్టాలనేవాళ్ళు, పన్ను పెంచరాదనేవాళ్ళు రెండు వర్గాలయి ఏళ్ళ తరబడి తగువులాడారు. చివరకు పోలీసు దళం వచ్చింది, కొత్త టౌన్‌హాలు 1876లో లేచింది, 1878లో గ్యాసు, నీటి కంపెనీలను పురపాలక సంఘమే కొనేసింది, 1882లో నది పక్క చిత్తడి నేల ఆబీ పార్కు అయింది. ఒకరి లాభంకోసం నడిచే నీళ్ళ కంపెనీ ఊరిదైపోవడం అంటే ఏమిటో, వేసవిలో బిందె పట్టుకుని కొళాయి దగ్గర నిలబడ్డవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఈ టౌన్‌హాలు ఎదుట చౌకులో రెక్కల సింహాలతో ఒక ఫౌంటెన్ ఉంది. 1879లో ఊరికి దాన్ని కానుకగా ఇచ్చినవాడు రెడీమేడ్ దుస్తుల వ్యాపారి ఇజ్రాయెల్ హార్ట్. పేరు చూస్తేనే తెలుస్తుంది, యూదుడు. 1845లో పార్లమెంటు యూదులకు పురపాలక పదవులు తెరిచింది. 1884లో లెస్టరు కౌన్సిలు హార్టును మేయరుగా ఎన్నుకుంది. ఆ తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ ఎన్నుకుంది.

లెక్క కట్టండి. 1231 నుంచి 1884కి 653 ఏళ్ళు. లోకం అంతమయ్యేదాకా యూదుడు ఉండకూడదని సన్నదు ఇచ్చిన ఊళ్ళో ఒక యూదుడు ఊరి పెద్ద అయ్యాడు. లోకమేమీ అంతం కాలేదు! విచిత్రమేమిటంటే సైమన్ పేరు కూడా ఆ ఊళ్ళో చెక్కుచెదరలేదు. గడియార స్తంభం మీద ఆయన విగ్రహం ఉంది, 1913లో కట్టిన సభామందిరం ఆయన పేరనే ఉంది, 1992లో విశ్వవిద్యాలయమైన పాలిటెక్నిక్ కూడా ఆయన పేరే పెట్టుకుంది. 2001లో మాత్రం నగర కౌన్సిలు ఆ 1231 నాటి చర్యను ఖండిస్తూ అధికారికంగా ప్రకటన చేసింది. ఎనిమిదివందల ఏళ్ళకా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. రాసిపెట్టిన అన్యాయాన్ని రాసే కొట్టివేయాలని నేననుకుంటాను.

మొదటి ప్రపంచ యుద్ధం నాలుగేళ్ళూ, 1914 నుంచి 1918 దాకా, జొనాథన్ నార్త్ ఒక్కడే మేయరుగా ఉన్నాడు. యుద్ధం ముగిశాక ఊరి పెద్దలు చందాలు పోగుచేసి, చనిపోయినవారి స్మారకంగా ఒక యూనివర్సిటీ కాలేజీ పెట్టారు. అదివరకు పిచ్చాసుపత్రిగా ఉన్న భవనాన్ని ఫీల్డింగ్ జాన్సన్ అనే వ్యాపారి కొని కాలేజీకి ఇచ్చాడు. 1921లో పాఠాలు మొదలయ్యాయి, 1957లో అది విశ్వవిద్యాలయమయింది. రాతిస్తంభం నిలబెట్టి చేతులు దులుపుకోకుండా, పోయినవారి పేర బతికున్నవారికి చదువు పెట్టిన ఊరు అది. కాలేజీ పత్రికలో ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

1919లో లెస్టరుకు నగర హోదా, 1928లో మేయరుకు 'లార్డు మేయరు' బిరుదు వచ్చాయి. 1907 చట్టం స్త్రీలకు కౌన్సిలు తలుపు తీసినా, లెస్టరులో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మహిళ ఎలిజబెత్ ఫ్రిస్బీ, 1941లో. ఓటుహక్కుకోసం పోరాడిన మహిళల్లో ఆమె ఒకరు.

ఒక ప్రకటన, ఒక కుర్చీ

1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ తన దేశంలోని ఆసియావాళ్ళు తొంభై రోజుల్లో వెళ్ళిపోవాలన్నాడు. గుజరాతీలే ఎక్కువ. బ్రిటిషు పాస్‌పోర్టు ఉన్నవారిలో సుమారు 28 వేలమంది ఇంగ్లండు చేరారు. అదివరకే మనవాళ్ళు స్థిరపడ్డ లెస్టరుమీదనే చాలామంది చూపు. అప్పుడు లెస్టరు నగర కౌన్సిలు ఏం చేసిందో తెలుసా? 1972 సెప్టెంబరులో 'ఉగాండా ఆర్గస్' పత్రికలో డబ్బిచ్చి ప్రకటన వేయించింది. మా ఊళ్ళో ఇళ్ళు లేవు, బళ్ళలో చోటు లేదు, మీ మేలుకోరి చెబుతున్నాం, లెస్టరుకు రావద్దు అని దాని తాత్పర్యం.

కౌన్సిలు మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇళ్ళకోసం నిజంగానే జనం వరసకట్టి ఉన్నారు. కాని కొంపాగోడూ పోగొట్టుకుని విమానం ఎక్కుతున్నవాడికి ఆ ప్రకటన ఎలా వినిపించి ఉంటుంది? 1231 నాటి సన్నదుకూ దీనికీ పోలిక పూర్తిగా కుదరదు, ఒకటి వెళ్ళగొట్టింది, ఇంకొకటి రావద్దంది. అయినా రెండింటి కింద ముద్ర ఒక్కటే, ఊరి పేరు.

వాళ్ళు వచ్చారు. వేలాదిగా వచ్చారు. మూతబడుతున్న మేజోళ్ళ ఫ్యాక్టరీల్లో పనిచేశారు, ఖాళీ దుకాణాలు తెరిచారు. బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దీపావళికి దీపాలు వెలిగించే పద్ధతి మొదలై ఊరి పండుగయింది. ఆ ప్రకటన పడ్డ పదిహేనేళ్ళకు, 1987లో, గోర్ధన్ పర్మార్ లెస్టరు మొదటి ఆసియా లార్డు మేయరయ్యారు. 2008లో లూధియానాలో పుట్టిన మంజులా సూద్ ఆ కుర్చీ ఎక్కారు. బ్రిటనులో లార్డు మేయరైన మొదటి ఆసియా మహిళ ఆమె. అదే ఎర్ర అంగీ, అదే బంగారు గొలుసు.

మొదటిసారి 653 ఏళ్ళు పట్టింది. రెండోసారి పదిహేనేళ్ళు చాలాయి. మధ్యలో ఏం మారిందంటే ఓటు మారింది. హక్కుదారుల చుట్టలో పేరుంటేనే మనిషి అన్న ఊళ్ళో, నివాసముండే ప్రతి వయోజనుడికీ ఓటు వచ్చింది. దయ పుట్టడానికి శతాబ్దాలు పడుతుందేమోగాని, ఓటున్న వీధిని కౌన్సిలు ఎక్కువకాలం మరిచిపోలేదు.

తలుపు తెరిచేనాటికి గదిలో ఏముంది?

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కాని ఒక చేదు నిజం కూడా చెప్పాలి. అందరికీ అందుబాటులోకి వచ్చేనాటికి ఆ కుర్చీలో అధికారం పెద్దగా మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో పార్టీలు బలపడ్డకొద్దీ అసలు నిర్ణయాలు అధికారపక్ష నాయకుడి చేతికి పోయాయి. లార్డు మేయరు సభకు అధ్యక్షత వహిస్తారు, అతిథులను ఆహ్వానిస్తారు, బళ్ళు ప్రారంభిస్తారు. దీనికి గౌరవం ఉంది, కాని సంతకం బలం లేదు.

తర్వాత చక్రం మళ్ళీ తిరిగింది. 2000 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం, ప్రజలు నేరుగా ఎన్నుకునే, కార్యనిర్వాహక అధికారంగల మేయరుకు వీలు కల్పించింది. లెస్టరు కౌన్సిలు 2010 డిసెంబరులో ఆ పద్ధతికి ఒప్పుకుంది, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టకుండా, తనంతట తానే. 2011 మేలో పీటర్ సోల్స్‌బీ మొదటి ప్రత్యక్ష మేయరుగా గెలిచారు. 2015, 2019, 2023లో మళ్ళీ గెలిచారు. లార్డు మేయరు పదవి కూడా లాంఛనంగా ఉంచారు. అంటే 1489లో రెండు పక్షాలు ఇద్దరు మేయర్లను నిలబెట్టిన ఊళ్ళో ఇప్పుడు చట్టప్రకారమే ఇద్దరు మేయర్లు, ఒకరికి గొలుసు, ఇంకొకరికి సంతకం!

ప్రత్యక్ష ఎన్నిక మంచిదా కాదా అని మా విద్యార్థులు ఎప్పుడూ అడుగుతారు. ఇంగ్లండులోనే ఏకాభిప్రాయం లేదు. 2012లో పది నగరాలను అడిగితే బ్రిస్టలు ఒక్కటే సరేనంది. ఆ బ్రిస్టలు కూడా 2022లో ఇక వద్దంది, 2024తో ఆ పదవి ముగిసింది. మనదగ్గరా అంతే. 2002లో హైదరాబాదు ప్రజలు నేరుగా ఓటువేసి మేయరును ఎన్నుకున్నారు. 2009లో కార్పొరేటర్లు ఎన్నుకున్నారు. ప్రజలు నేరుగా ఎన్నుకుంటే మేయరు ఎవరో ఊరందరికీ తెలుస్తుంది, నిలదీయడం సులువు. అయితే ఒక్కడి చేతిలో అంతా పెట్టడం అవుతుంది. సభ్యులు ఎన్నుకుంటే సంప్రదింపు ఉంటుంది, కాని తెరవెనక బేరాలకు చోటుంటుంది. నన్ను తేల్చి చెప్పమంటే, ఎన్నుకునే పద్ధతికన్నా లెక్క అడిగే పద్ధతి ముఖ్యమంటాను. 1835 చట్టంలో గట్టి వాక్యం ఓటును గురించిందికాదు, జమాఖర్చులు ప్రకటించాలన్న వాక్యం.

విద్యార్థి మిత్రులారా, ఈ సంచిక అచ్చువేస్తున్న మీ సంఘం కూడా ఒక చిన్న పురపాలక సంఘమే. అధ్యక్షుడున్నాడు, కార్యదర్శి ఉన్నాడు, చందా ఉంది, కుర్చీ ఉంది. లెస్టరును గురించి ఇంత చదివాక ఎవరైనా ఎన్నికల ప్రచారానికి మీ గది తలుపు తట్టినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. నిన్నెవరు నిలబెట్టారు? ఈ సంఘంలో ఇప్పటిదాకా ఎవరి పేరు రాలేదు – హాస్టలు వాళ్ళదా, ఆడపిల్లలదా, రోజూ పల్లె నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్ళదా? వచ్చే ఏడాది లెక్కల పుస్తకం నోటీసు బోర్డు మీద పెడతావా? జవాబు చెప్పగలిగినవాడికి ఓటు వెయ్యండి. దండం, గొలుసు, పూలదండ తర్వాత చూసుకోవచ్చు.